తెరుచుకోని తలుపు – ఫ్రాన్సెస్ పెర్కిన్స్ జీవితం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా ఒక మహనీయుని జీవితం వేయడం ఆనవాయితీ. బాబాసాహెబ్ అంబేద్కర్, జ్యోతిరావు ఫూలే, సావిత్రీబాయి, గుర్రం జాషువా గురించి మన సీనియర్లు ఎన్నోసార్లు చక్కగా రాశారు. ఈసారి మేము అమెరికా దేశానికి చెందిన ఒక మహిళ గురించి రాస్తున్నాం. ఆమె పేరు ఫ్రాన్సెస్ పెర్కిన్స్. అక్కడెక్కడో అమెరికాలో పుట్టిన ఆమెకూ మనకూ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. ముందు అదే చెబుతాం.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి తరం మాదే. నాన్న రైస్ మిల్లులో హమాలీ. చిన్నాన్న అదే మిల్లులో మిషన్ దగ్గర పనిచేసేవాడు. మోటారు నుంచి షాఫ్టుకు పోయే బెల్టుకు అడ్డంగా ఇనుప జాలీ ఉండాలి. జాలీ ఉంది, కానీ ఎప్పుడూ గోడకు ఆనించి ఉండేది. తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడని కబురు తెలిసిన రోజు పొద్దున్నే దాన్ని బిగించేవారు. ఆయన జీపు ఊరు దాటగానే విప్పేసేవారు. బెల్టు జారినప్పుడు జాలీ తీసి ఎక్కించాలంటే పని ఆలస్యమవుతుందట. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా, సంక్రాంతికి ముందు ఒక రాత్రి, చిన్నాన్న మెడలోని తువ్వాలు కొస బెల్టులో పడింది. తువ్వాలుతో పాటు కుడి చెయ్యి పోయింది.

ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేయొద్దా అని ఊరంతా చిన్నాన్ననే తప్పు పట్టింది. మేమూ అలాగే అనుకున్నాం. యజమాని ఆసుపత్రి ఖర్చు కొంత పెట్టుకుని, ఇంటికి రెండు బస్తాల బియ్యం పంపాడు. అది ఆయన దయ అనుకుని నాన్న చేతులు జోడించాడు. జాలీ బిగించి ఉంచడం యజమాని మీద చట్టం పెట్టిన బాధ్యత అని గాని, దెబ్బ తగిలిన కార్మికుడికి నష్టపరిహారం హక్కు అని గాని మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. పీజీలో చేరాక లైబ్రరీలో పెర్కిన్స్ జీవితం చదువుతుంటే మాకు చిన్నాన్న చెయ్యే కళ్లముందు కనిపించింది. అందుకే ఈ వ్యాసం.

బాల్యం, చదువు

ఫ్రాన్సెస్ పెర్కిన్స్ 1880 ఏప్రిల్ 10న అమెరికాలోని బోస్టన్ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫ్యానీ కొరాలీ పెర్కిన్స్. తండ్రి వూస్టర్ పట్టణంలో స్టేషనరీ దుకాణం నడిపేవారు. వారి పూర్వీకులది మెయిన్ రాష్ట్రంలోని న్యూకాజిల్. అక్కడ డమరిస్కోటా నది ఒడ్డున ఒకప్పుడు వారి కుటుంబం ఇటుకలు చేసి అమ్మేది. పేదరికానికి కారణం సోమరితనం, తాగుడు అని ఆ రోజుల్లో మధ్యతరగతి ఇళ్లలో గట్టిగా నమ్మేవారు. చిన్ననాడు ఆమె ఇంట్లో విన్నదీ అదే.

ఆ నమ్మకం కాలేజీలో సడలింది. మౌంట్ హోలియోక్ మహిళా కళాశాలలో ఆమె ముఖ్య విషయం భౌతికశాస్త్రం. అయితే ఆర్థిక చరిత్ర బోధించే ఒక అధ్యాపకురాలు విద్యార్థినులను దగ్గరలోని మిల్లులకు వెళ్లి, అక్కడి పని ఎలా ఉందో కళ్లారా చూసి రమ్మని పంపేవారు. తాగుడు అలవాటు లేని, ఒళ్లు వంచి పనిచేసే కార్మికుడి కుటుంబం కూడా ఒక్క ప్రమాదంతో రోడ్డున పడుతుందని పెర్కిన్స్ అక్కడే గ్రహించారు. మెషీన్ చెయ్యి తీసుకుంటే ఆ ఇంటి కూడు కూడా తీసుకున్నట్టే. 1902లో డిగ్రీ పూర్తిచేశారు.

తర్వాత షికాగో దగ్గర ఒక బాలికల పాఠశాలలో టీచరుగా పనిచేస్తూ, తీరిక వేళల్లో హల్ హౌస్ అనే సేవాకేంద్రంలో వలస కార్మికుల మధ్య గడిపారు. 1907లో ఫిలడెల్ఫియా వెళ్లి, ఉద్యోగాల పేరుతో వలస యువతులను, నల్లజాతి యువతులను మోసగించే ఏజెన్సీల గుట్టు రట్టు చేసే పనిలో చేరారు. అక్కడి నుంచి న్యూయార్క్. కొలంబియా విశ్వవిద్యాలయంలో 1910లో ఎం.ఏ. పట్టా పొందారు. ఆమె పరిశోధన విషయం బడిపిల్లల్లో పోషకాహార లోపం.

కొలంబియా పేరు వినగానే మనందరికీ ఒకరు గుర్తుకు వస్తారు. ఆమె పట్టా తీసుకున్న మూడేళ్లకు, 1913లో, బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో బాబాసాహెబ్ అంబేద్కర్ అదే విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టారు. 1915లో ఎం.ఏ. పూర్తిచేశారు. ఈ ఇద్దరి దారులు తర్వాత మరోచోట కలుస్తాయి. ఆ సంగతి చివర్లో చెబుతాం.

1911 మార్చి 25

చదువు ముగియగానే పెర్కిన్స్ న్యూయార్క్ కన్స్యూమర్స్ లీగ్ అనే సంస్థకు కార్యదర్శి అయ్యారు. ఇళ్ల కింద నేలమాళిగల్లో నడిచే బేకరీలకు వెళ్లి అక్కడి మురికి, ఉక్క, ప్రమాదాల గురించి నివేదికలు రాయడం, స్త్రీల పనివేళలు వారానికి 54 గంటలకు తగ్గించాలని శాసనసభ్యుల చుట్టూ తిరగడం ఆమె పని.

1911 మార్చి 25, శనివారం. సాయంత్రం ఆమె వాషింగ్టన్ స్క్వేర్ దగ్గర స్నేహితురాలి ఇంట్లో టీకి వెళ్లారు. అగ్నిమాపక బండ్ల గంటలు వినిపించాయి. ఆమె చౌరస్తా దాటి పరుగున వెళ్లారు. పది అంతస్తుల ఆష్ బిల్డింగ్ పై మూడు అంతస్తుల్లో ట్రయాంగిల్ వెయిస్ట్ కంపెనీ ఉంది. స్త్రీల జాకెట్లు కుట్టే ఫ్యాక్టరీ అది. దాదాపు 500 మంది పని. ఎక్కువమంది ఇటలీ నుంచి, తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదు, ఇటాలియన్ కుటుంబాల ఆడపిల్లలు. పద్నాలుగేళ్ల పిల్లలు కూడా ఉన్నారు.

పని ముగించే వేళకు ఎనిమిదో అంతస్తులో గుడ్డ ముక్కలు వేసే పెట్టెలో నిప్పు రాజుకుంది. పదో అంతస్తులో ఉన్న ఆఫీసుకు టెలిఫోన్‌లో సమాచారం అందింది. యజమానులు మేడ మీదికి ఎక్కి పక్క భవనం మీదుగా తప్పించుకున్నారు. తొమ్మిదో అంతస్తుకు మాత్రం ఎవరూ చెప్పలేదు. మంట కనిపించాకే వారికి తెలిసింది.

ఆ అంతస్తుకు రెండు మెట్లదారులు. ఒకవైపు మంట కమ్ముకుంది. రెండో వైపు తలుపుకు తాళం. పని అయ్యాక అందరూ ఒకే దారిన వెళ్లాలని, పోయేటప్పుడు వారి సంచులు వెతకాలని, ఎవరైనా గుడ్డ ముక్క దాచుకుంటారేమోనని యజమానులు ఆ తలుపు మూసి ఉంచేవారు. బయట గోడకు ఉన్న ఇనుప మెట్లు బరువు తట్టుకోలేక వంగి కూలిపోయాయి. లిఫ్టు నడిపేవారు ప్రాణాలకు తెగించి ఎన్నోసార్లు కిందికీ పైకీ తిప్పి చాలామందిని కాపాడారు, చివరికి లిఫ్టులూ నడవని పరిస్థితి వచ్చింది. అగ్నిమాపక సిబ్బంది తెచ్చిన నిచ్చెనలు ఆరో అంతస్తు దగ్గరే ఆగిపోయాయి. ఆడపిల్లలు కిటికీల నుంచి దూకారు. పెర్కిన్స్ కింద నిలబడి అదంతా చూశారు. మొత్తం 146 మంది చనిపోయారు. వారిలో 123 మంది స్త్రీలు.

భవనానికి పెద్దగా నష్టం జరగలేదు. అది నిప్పుకు చెక్కుచెదరని భవనమని ముందు నుంచీ పేరు. ఇప్పటికీ అది నిలిచే ఉంది, విశ్వవిద్యాలయ తరగతులు జరుగుతున్నాయి.

చట్టం ఉంది, చూసేవారు లేరు

మిత్రులారా, ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. పనివేళల్లో ఫ్యాక్టరీ తలుపులకు తాళం వేయరాదని న్యూయార్క్ రాష్ట్ర కార్మిక చట్టంలో అప్పటికే రాసి ఉంది. చట్టం లేక ఆ 146 మంది చనిపోలేదు. చట్టంలో ఉన్నట్టు తలుపు ఉందో లేదో చేత్తో తోసి చూసేవారు లేక చనిపోయారు.

అంతకు ముందు 1909లో ఇదే కంపెనీ ఆడపిల్లలతో సహా న్యూయార్క్ కుట్టుపని కార్మికులు సుమారు 20 వేల మంది సమ్మె చేశారు. చాలా కంపెనీలు దిగివచ్చి యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నా, ట్రయాంగిల్ యజమానులు యూనియన్‌ను గుర్తించలేదు. లోపల ఏది ప్రమాదమో తెలిసినవారు నోరెత్తే వీలు లేకుండా పోయింది.

యజమానులు మ్యాక్స్ బ్లాంక్, ఐజాక్ హారిస్‌ల మీద కేసు నడిచింది. తలుపుకు తాళం ఉందని తేలితే చాలదు, ఆ సమయంలో తాళం ఉన్నట్టు యజమానులకు తెలుసునని కూడా రుజువు కావాలని కోర్టు భావించింది. 1911 డిసెంబరులో ఇద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు. తర్వాత సివిల్ దావాల్లో 1914లో ఒక్కో ప్రాణానికి 75 డాలర్ల చొప్పున ఇచ్చి రాజీ చేసుకున్నారు. ఈలోగా 1913లో బ్లాంక్ తన మరో ఫ్యాక్టరీలో పనివేళల్లో మళ్లీ తలుపుకు తాళం వేసి పట్టుబడ్డాడు. జరిమానా 20 డాలర్లు.

పెర్కిన్స్ కళ్లారా చూసింది ఒక అగ్నిప్రమాదం మాత్రమే కాదు. బాధ్యత ఎవరిదో స్పష్టంగా రాయకపోతే, రాసినా తనిఖీ చేయకపోతే, చట్టం ఎలా చేతులెత్తేస్తుందో ఆమె చూశారు. ఇక అదే ఆమె జీవితకాలపు పని అయింది.

నాయకులను మెట్లెక్కించిన మనిషి

ప్రమాదం తర్వాత ప్రజలు ఏర్పాటు చేసుకున్న భద్రతా సంఘానికి పెర్కిన్స్ కార్యదర్శి అయ్యారు. న్యూయార్క్ రాష్ట్రం 1911లోనే ఫ్యాక్టరీల విచారణ కమిషన్‌ను నియమించింది. శాసనసభ నాయకులు రాబర్ట్ వాగ్నర్ అధ్యక్షుడు, ఆల్ స్మిత్ ఉపాధ్యక్షుడు. ఆమె ఆ కమిషన్ కోసం పరిశోధనలు చేశారు.

కాగితం మీద నివేదిక చదివితే నాయకుల మనసు కదలదని ఆమెకు తెలుసు. అందుకని వారిని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీలకు తీసుకుపోయారు. ఒక తాళ్ల ఫ్యాక్టరీలో పది గంటల రాత్రి షిఫ్టు చేసి తెల్లవారి బయటికి వస్తున్న స్త్రీలను ఆల్ స్మిత్‌కు చూపించారు. మరోచోట గోడకు ఉన్న చిన్న కంతను ఫైర్ ఎస్కేప్ అని లెక్కల్లో రాశారు. వాగ్నర్ గారిని ఆ కంతలోంచి పాకుతూ బయటికి వెళ్లమన్నారు. బయట నిటారుగా ఉన్న నిచ్చెన, దాని నిండా మంచు. ఆ నిచ్చెన నేలకు పన్నెండు అడుగుల ఎత్తులోనే ఆగిపోయింది. కోటు వేసుకున్న పెద్దమనిషి దిగలేని దారిలో, పొగలో, కంగారులో, పొడుగు గౌన్లు వేసుకున్న ఆడపిల్లలు ఎలా దిగుతారో ఆయనకు ఇక వేరే చెప్పనక్కరలేకపోయింది. పండ్లు, కూరగాయలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలకు వేకువజామునే తీసుకువెళ్లి, చిన్నపిల్లలు బీన్స్ కాయలు గిల్లుతుండగా చూపించారు.

రెండు మూడేళ్లలో న్యూయార్క్ శాసనసభ ముప్పైకి పైగా కార్మిక చట్టాలు చేసింది. తలుపులు బయటికి తెరుచుకోవాలి, పనివేళల్లో తాళం ఉండరాదు. ఎత్తైన ఫ్యాక్టరీల్లో మంట తగలగానే తమంతట తామే నీళ్లు చల్లే పరికరాలు ఉండాలి. మంటలు వస్తే ఎలా బయటపడాలో కార్మికుల చేత తరచూ అభ్యాసం చేయించాలి. మెట్లదారి వెడల్పును బట్టి ఒక అంతస్తులో ఎంతమంది పనిచేయవచ్చో లెక్క ఉండాలి. ప్రతి ఫ్యాక్టరీ నమోదు కావాలి. ఇన్‌స్పెక్టర్ల సంఖ్య పెరగాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇవన్నీ సరిగా ఉంచడం యజమాని బాధ్యత అయింది. నాకు తెలియదు అని తప్పించుకునే సందు మూసుకుపోతూ వచ్చింది.

పదవులు

ఆల్ స్మిత్ గవర్నరు అయ్యాక 1919లో పెర్కిన్స్‌ను రాష్ట్ర పారిశ్రామిక కమిషన్ సభ్యురాలిగా నియమించారు. ఒక స్త్రీకి ఆ పదవి దక్కడం అదే మొదటిసారి. 1929లో గవర్నరు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆమెను రాష్ట్ర పారిశ్రామిక కమిషనరుగా నియమించారు. ఫ్యాక్టరీల తనిఖీ యంత్రాంగం మొత్తం ఆమె చేతి కిందికి వచ్చింది. ఒకప్పుడు రోడ్డు మీద నిలబడి నిస్సహాయంగా చూసిన మనిషి, ఇప్పుడు ఆ తలుపులు తెరిపించే అధికారి అయ్యారు.

1933 మార్చిలో రూజ్‌వెల్ట్ దేశాధ్యక్షుడై ఆమెను కార్మికశాఖ మంత్రిగా తీసుకున్నారు. అమెరికా మంత్రివర్గంలో చేరిన మొదటి మహిళ ఆమె. పదవి ఒప్పుకునే ముందే తాను చేయదలచిన పనుల జాబితా అధ్యక్షుడి ముందు పెట్టి, వీటికి మీరు అడ్డు చెప్పకపోతేనే వస్తానన్నారు. కనీస వేతనం, పనిగంటల పరిమితి, బాలకార్మిక నిషేధం, నిరుద్యోగ భృతి, వృద్ధాప్య పింఛను, ఆరోగ్య బీమా అందులో ఉన్నాయి. ఆరోగ్య బీమా తప్ప మిగిలినవి చాలావరకు సాధించారు. 1935లో సామాజిక భద్రతా చట్టం, 1938లో న్యాయమైన పని ప్రమాణాల చట్టం వచ్చాయి. గంటకు 25 సెంట్ల కనీస వేతనంతో అది మొదలైంది.

భద్రత విషయాన్ని ఆమె ఢిల్లీ వంటి రాజధాని కాగితాలకు వదిలేయలేదు. 1934లో తన శాఖలో కార్మిక ప్రమాణాల విభాగాన్ని స్థాపించి, రాష్ట్రాల ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లకు శిక్షణ ఇప్పించారు. 1936లో వచ్చిన వాల్ష్-హీలీ చట్టం ప్రకారం, ప్రభుత్వానికి పదివేల డాలర్లకు మించిన సరుకు సరఫరా చేసే కంపెనీలు తమ కార్మికులను ప్రమాదకర పరిస్థితుల్లో పని చేయించరాదు. ప్రభుత్వ డబ్బు తీసుకునేవాడు ముందు తన మెషీన్‌కు జాలీ వేసుకోవాలన్నమాట.

లోటుపాట్లు, కష్టాలు

మహనీయుల జీవితం రాసేటప్పుడు మంచి మాత్రమే రాసి ఊరుకోవడం మన సంచికల్లో అలవాటు. మేము అలా చేయదలచుకోలేదు. 1912లో స్త్రీలకు 54 గంటల వారం చట్టం తెచ్చేటప్పుడు, డబ్బా ఆహార పరిశ్రమ స్త్రీలను వదిలేస్తేనే బిల్లు నెగ్గుతుందని తేలితే ఆమె ఒప్పుకున్నారు. ఏమీ దక్కకపోవడం కంటే కొందరికైనా దక్కడం మేలని ఆమె లెక్క. 1935, 1938 చట్టాల్లో పొలం కూలీలను, ఇళ్లలో పనిచేసేవారిని మినహాయించారు. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ పనుల్లో ఉన్నది ఎక్కువగా నల్లజాతివారే. అట్టడుగున ఉన్నవారే చట్టానికి బయట ఉండిపోయారు. ఆ వెలితి పూడడానికి చాలా ఏళ్లు పట్టింది. వ్యవసాయ కూలీల ఇళ్ల నుంచి వచ్చిన మనం ఈ సంగతి మరిచిపోకూడదు.

ఆమె సొంత జీవితం పూలబాట కాదు. 1913లో పాల్ విల్సన్‌ను పెళ్లి చేసుకుని, తన ఇంటిపేరు మార్చుకోకుండా నిలబడ్డారు. 1916లో కూతురు పుట్టింది. కొద్దికాలానికే భర్తకు మానసిక అనారోగ్యం వచ్చింది. ఏళ్ల తరబడి ఆసుపత్రుల ఖర్చు, ఇంటి ఖర్చు, కూతురి చదువు ఆమె జీతం మీదే నడిచాయి. ఆ సంగతి బయట ఎవరికీ చెప్పుకోలేదు. 1939లో ఒక కార్మిక నాయకుడిని దేశం నుంచి పంపించలేదనే నెపంతో ఆమెను పదవి నుంచి తొలగించాలని కొందరు సభ్యులు అభిశంసన తీర్మానం పెట్టారు. విచారించిన కమిటీ అందులో పస లేదని తేల్చింది. 1945 వరకు, పన్నెండేళ్లు, ఆమె మంత్రిగా కొనసాగారు.

హాస్టల్లో గడిపిన చివరి రోజులు

పదవి దిగాక కొన్నాళ్లు సివిల్ సర్వీస్ కమిషన్‌లో పనిచేసి, 1957 నుంచి కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 1960లో అక్కడి టెల్యురైడ్ హౌస్ అనే విద్యార్థుల వసతిగృహంవారు తమతో వచ్చి ఉండమని ఆమెను ఆహ్వానించారు. ఎనభై ఏళ్ల వయసులో, దేశానికి మంత్రిగా పనిచేసిన మనిషి, పిల్లల మధ్య ఒక గదిలో సంతోషంగా ఉన్నారు. ఈ విషయం చదివినప్పుడు మాకు ఆమె మన హాస్టల్ సీనియర్‌లాగే అనిపించారు. 1965 మే 14న, 85వ ఏట ఆమె కన్నుమూశారు.

పని స్థలాల భద్రతకు దేశమంతటికీ వర్తించే చట్టం అమెరికాలో 1970 డిసెంబరులో వచ్చింది. అది చూడడానికి ఆమె లేరు. వాషింగ్టన్‌లోని కార్మికశాఖ భవనానికి 1980లో ఆమె పేరు పెట్టారు. 2024 డిసెంబరులో న్యూకాజిల్‌లోని వారి పూర్వీకుల ఇటుకల ఇల్లు జాతీయ స్మారకం అయింది.

రెండు దారులు కలిసిన చోటు

ఇప్పుడు ముందు వాయిదా వేసిన సంగతి. 1942 జూలైలో బాబాసాహెబ్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబరు అయ్యారు. 1946 వరకు ఆ పదవిలో ఉన్నారు. అంటే 1942 నుంచి 1945 దాకా కొలంబియాలో చదివిన ఇద్దరు, ఒకరు అమెరికాలో, ఒకరు ఇండియాలో, ఒకేసారి కార్మికశాఖలు చూశారు. ఆయన హయాంలోనే ఫ్యాక్టరీల చట్ట సవరణతో వారానికి 54 గంటల పని 48 గంటలకు తగ్గింది. 1945లో ఫ్యాక్టరీల ముఖ్య సలహాదారు కార్యాలయం ఏర్పడింది. తర్వాత జగ్జీవన్‌రామ్ కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు 1948 ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. తిరిగే మెషీన్లకు కంచె వేయడం, లిఫ్టులను ఆరు నెలలకోసారి అర్హులైన వారిచేత పరీక్ష చేయించడం అందులో యజమాని విధులు. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో, కార్మికుల భద్రతకు సాధారణ బాధ్యత యజమానిదేనని స్పష్టంగా చేర్చారు. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. కరెంటుతో నడిచేచోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అనే లెక్క ఇందులో 20కి పెరిగింది. చిన్నాన్న పనిచేసిన మిల్లులాంటివి ఏ లెక్కలోకి వస్తాయో మనం చదివి తెలుసుకోవాలి, మన ఊళ్లో చెప్పాలి.

చట్టాలున్నా 2022 మార్చి 23న సికింద్రాబాద్ భోయిగూడలో తుక్కు గోదాము పైన నిద్రపోతున్న 11 మంది బీహారు కూలీలు మంటల్లో చిక్కి చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల ముడిసరుకు ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా మరణించారు. ప్రతిసారీ అందరం వారం రోజులు బాధపడి మరిచిపోతున్నాం.

మనం చేయగలిగింది

మన పూర్వ విద్యార్థుల్లో లైన్‌మెన్లు, ఎలక్ట్రీషియన్లు, టీచర్లు, ఆఫీసర్లు ఉన్నారు. కొందరు వర్క్‌షాపులు, చిన్న మిల్లులు పెట్టి పదిమందికి పని ఇచ్చే స్థాయికి వచ్చారు. అన్నలారా, మనం కూలీల పిల్లలం కాబట్టి మన కింద పనిచేసేవారికి ప్రమాదం రాదనుకోకండి. మీ మిల్లులో జాలీ గోడకు ఆనించి ఉందో, బెల్టుకు బిగించి ఉందో రేపు పొద్దున వెళ్లి చూసుకోండి. తనిఖీ ఆఫీసరు ఉద్యోగాలకు పరీక్షలు రాసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. మీకు ఆ ఉద్యోగం వస్తే ముందు కబురు పెట్టకుండా వెళ్లండి.

ఇక మన హాస్టల్ సంగతి. మేము ఇక్కడ ఉన్నన్నాళ్లు రాత్రి తొమ్మిదింటికి ముందు గ్రిల్‌కు తాళం పడేది. వెనక మెట్ల తలుపు ముందు పాత మంచాలు, ట్రంకు పెట్టెలు పేర్చి ఉండేవి. కిటికీలకు ఊచలు. తాళంచెవి వాచ్‌మన్ మొలతాడుకు ఉండేది, ఆయన ఎక్కడ నిద్రపోతాడో మాలో చాలామందికి తెలియదు. దొంగలు రాకుండా, పిల్లలు సినిమాకు పోకుండా పెట్టిన ఏర్పాటు అది. చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. అయినా ఆ తొమ్మిదో అంతస్తు తలుపు గురించి చదివిన రాత్రి మాకు మొదట గుర్తొచ్చింది మన వెనక మెట్లే.

అందుకే ఈ వార్షికోత్సవం సందర్భంగా వార్డెన్ గారికి, తమ్ముళ్లకు మా విన్నపం ఒక్కటే. ప్రతి నెలా మొదటి ఆదివారం ఇద్దరు సీనియర్లు, వాచ్‌మన్ కలిసి వెనక తలుపు తెరిచి చూడాలి. వేలాడే వైర్లు, వంటగదిలో గ్యాస్ ట్యూబు చూసి ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాయాలి. రెండో తాళంచెవి ప్రతి అంతస్తులో ఒకరి దగ్గర ఉండాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. మొదటి నోటు పుస్తకం మేము కొని ఈ సంచికతో పాటే పంపుతున్నాం.

చిన్నాన్న ఇప్పుడు ఎడమచేత్తో అన్నం తింటాడు. పోయిన సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు, తప్పు నీది కాదు చిన్నాన్నా అని ఇన్నాళ్లకు చెప్పాం. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆ జాలీ ఇప్పుడైనా బిగించారా అని అడిగాడు.